సిండ్రెల్లా అక్కల కళ్ళు పావురాలు పొడిచేశాయట!! మనం పిల్లలకి చెప్పేది అసలు కథేనా?

నిద్రరాని_అమ్మ
హాయ్ అందరికీ. మా పాపకి ఆరేళ్ళు, రోజూ పడుకునే ముందు ఒక కథ పడాల్సిందే, లేకపోతే పదకొండైనా కళ్ళు మూయదు. మొన్న మా ఆయన కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో గ్రిమ్ సోదరుల కథలు మొత్తం ఉన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు, నేను చూసి చదువుకుంటూ తెలుగులో చెప్తున్నా. సిండ్రెల్లానే కదా ఏముంటుందిలే అని ముందుగా చూసుకోకుండా మొదలుపెట్టేశా. పెద్దక్కకి చెప్పు పట్టలేదు, సరే. వాళ్ళమ్మే కత్తి చేతికిచ్చి బొటనవేలు కోసెయ్యి, రాణివయ్యాక నీకు నడవాల్సిన పనేముంది అంటుంది!! రెండోదానికి మడమ కోయిస్తుంది. చెప్పులోంచి రక్తం కారుతుంటే చెట్టు మీద పావురాలు పాట పాడి రాజకుమారుడికి చెప్తాయి. చివర్లో పెళ్ళికి అక్కలిద్దరూ వస్తే ఆ పావురాలే వచ్చి గుడికి వెళ్ళేటప్పుడు ఒక కన్ను, తిరిగొచ్చేటప్పుడు ఇంకో కన్ను... నేను అక్కడ నోరు మూసుకుని "అక్కలిద్దరూ సారీ చెప్పారు, అయిపోయింది" అన్నా. పాప పేజీ వంక చూసి "బుక్కులో ఇంకా ఉందిగా" అంది.

ఇదేనా అసలు కథ? సినిమావాళ్ళు మార్చేశారా? మీ ఇళ్ళల్లో ఏది చెప్తున్నారు?

రీల్_రాజా
అక్కా ఇది తెలీదా 😀 దీని మీద బోలెడు రీల్స్ ఉన్నాయి. ఒరిజినల్ కథలన్నీ హారరే, పెద్దవాళ్ళ కోసం రాసినవి. డిస్నీ వచ్చాక పంచదార పూసి పిల్లలకి అమ్మేశారు. ఇంకోటి తెలుసా, అసలు కథలో అది గాజు చెప్పే కాదంట, బొచ్చు చెప్పంట, ట్రాన్స్‌లేషన్‌లో తప్పు చేసి గాజు అని రాశారంట.

పాతపుస్తకాల_రావు
రీల్ రాజా గారూ, మూడు మాటల్లో మూడు తప్పులు చెప్పారు, కోప్పడకండి, అందరూ అలాగే అనుకుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డిస్నీ వాళ్ళ 1950 సిండ్రెల్లాకి మూలం గ్రిమ్ కాదు. ఫ్రాన్సులో షార్ల్ పెరో అనే ఆయన 1697లో వేసిన పుస్తకం. గుమ్మడికాయ రథం, ఎలుకలు గుర్రాలవడం, అర్ధరాత్రి గడువు, దేవకన్య లాంటి పెద్దమ్మ, గాజు చెప్పు, అన్నీ పెరోవే. ఆయన కథలో అక్కల కాళ్ళు ఎవరూ కొయ్యరు. చివర్లో సిండ్రెల్లా ఇద్దర్నీ క్షమించి, రాజభవనానికి తీసుకెళ్ళి, ఇద్దరు జమీందార్లకిచ్చి పెళ్ళి కూడా చేస్తుంది! గ్రిమ్ వాళ్ళ మొదటి సంపుటం వచ్చింది 1812లో. అంటే అచ్చు పుస్తకాల లెక్కన చూస్తే ఈ మెత్తటి కథే ముందొచ్చింది, వేళ్ళు కోసేది 115 ఏళ్ళ తర్వాత. పంచదార పూసింది సినిమావాళ్ళు కాదండీ, పదిహేడో శతాబ్దంలో పెరో గారే పూశారు.

బొచ్చు చెప్పు సంగతి: ఫ్రెంచిలో గాజుకీ, ఒకరకం బొచ్చుకీ పలకడంలో ఒకేలా ఉండే మాటలున్నాయి, అందుకని తర్వాతి కాలంలో కొందరు పండితులు ఊహించారు. పెరో స్వయంగా అచ్చేసింది గాజు అనే.

పెరో కంటే ముందు ఇంకోటుంది. ఇటలీలో నేపుల్స్ భాషలో బసీలే అనే ఆయన రాస్తే ఆయన పోయాక 1634, 36 మధ్య అచ్చయింది. అందులో సిండ్రెల్లా పేరు జెజొల్లా. ఈ పిల్ల ఏం చేస్తుందో తెలుసా, సవతి తల్లి భోషాణంలోకి వంగినప్పుడు మూత మెడ మీద పడేసి చంపేస్తుంది. చంపమని సలహా ఇచ్చింది పనిపాటలు నేర్పే పంతులమ్మ. తర్వాత ఆ పంతులమ్మే రెండో సవతి తల్లయి, దాచిపెట్టిన ఆరుగురు కూతుళ్ళని బయటికి తీస్తుంది. మన హీరోయిన్ హంతకురాలు, అయినా చివర్లో రాణి అవుతుంది.

కడప_కారం
అట్లా చెప్పు రావు గారూ. ఇది వినినాక నాకు జెజొల్లానే నచ్చింది 😂 ఏడుస్తా కూర్చోలేదు కదా పిల్ల.

నిద్రరాని_అమ్మ
అమ్మో, పాపకి ఇది మాత్రం చెప్పను. మరి రావు గారూ, అందరికంటే పాతది బసీలేదేనా?

పాతపుస్తకాల_రావు
కాదమ్మా. చైనాలో తొమ్మిదో శతాబ్దంలో దువాన్ చెంగ్‌షీ అనే ఆయన రాసిపెట్టిన యె షియన్ కథ ఉంది. అక్కడ దేవకన్య లేదు, ఆ పిల్ల పెంచుకున్న చేప. సవతి తల్లి ఆ చేపని చంపి వండుకు తింటుంది, పిల్ల ఆ ముళ్ళని దాచుకుని మొక్కితే అడిగినవి ఇస్తాయి. బంగారు చెప్పు జారిపోతుంది, రాజు వెతుక్కుంటూ వస్తాడు. చివర్లో సవతి తల్లీ కూతురూ ఎగిరొచ్చిన రాళ్ళు తగిలి చస్తారు. అంతకంటే ముందు గ్రీకు రచయిత స్ట్రాబో ఒక ఈజిప్టు ముచ్చట చెప్తాడు, స్నానం చేస్తున్న అమ్మాయి చెప్పుని గద్ద ఎత్తుకుపోయి మెంఫిస్‌లో రాజు ఒళ్ళో పడేస్తే ఆయన ఆ చెప్పు ఎవరిదా అని దేశమంతా వెతికిస్తాడు. సవతి తల్లి లేదు, అక్కల్లేరు, చెప్పు మాత్రం ఉంది. ఇందులో "అసలు" ఏదని చెప్పమంటారు?

ఓరుగల్లు_పిల్ల
కన్నడల కూడా ఒకటున్నది, ఏ.కె. రామానుజన్ గారు సేకరించిన హంచి కథ. గండ్ల చెప్పు ముచ్చటే లేదు. బంగారు జుట్టున్న చెల్లెను సొంత అన్ననే చేసుకుంటనంటడు, తల్లి భయపడి బిడ్డ ముఖానికి మట్టి ముసుగు తొడిగి ఇంట్లకెళ్లి పంపిస్తది. గది చదివినంక నాకు సిండ్రెల్లా అంటే చెప్పు కథ కాదనిపించింది, ముఖం దాచుకుని బతికిన పిల్ల కథ.

@రీల్_రాజా ఇంకో ముచ్చట. పెద్దోళ్ళ కోసమే రాసిన్రు అనుడు కూడ సగమే నిజం. గ్రిమ్ వాళ్ళు మొదాల బొమ్మల్లేకుండ, ఎనక పండితుల నోట్సు పెట్టి అచ్చేసిన్రు, పేరు మాత్రం పిల్లల, ఇంటి కథలు అనే పెట్టిన్రు. జనం గది చూసి పిల్లలకు చదివిన్రు, చదివి మొత్తుకున్నరు. ఎందుకంటే గండ్ల "పిల్లలు కసాయి ఆట ఆడిన కథ" అని ఒకటుండె, ఒక పోరడు కసాయి, ఒకడు పంది, నిజంగనే కత్తి పెడ్తరు. 1819 రెండో ఎడిషన్ల గది తీసేసిన్రు.

రీల్_రాజా
ఓకే ఓకే ఒప్పుకున్నా 🙏 రీల్ చేసినోణ్ణి తిట్టండి నన్ను కాదు. కానీ గ్రిమ్ వాళ్ళు ఊళ్ళల్లో తిరిగి ముసలమ్మల దగ్గర విని ఉన్నదున్నట్టు రాశారు అన్నది కరెక్టే కదా?

కాసెల్_కుర్రాడు
నన్ను లాగకుండా ఉంటారేమో అనుకున్నా, కుదర్లేదు. నేను రెండేళ్ళుగా జర్మనీలో కాసెల్ అనే ఊళ్ళో చదువుతున్నా, గ్రిమ్ సోదరులు కథలు పోగేసిన ఊరు ఇదే. మాది గుంటూరు, ఇక్కడికొచ్చేదాకా ఆ ఇద్దరి పేర్లు కూడా తెలీదు నాకు. ఇక్కడ గ్రిమ్‌వెల్ట్ అని 2015లో తెరిచిన మ్యూజియం ఉంది, ఇండియా నుంచి ఎవరొచ్చినా నేనే గైడు కాబట్టి నాలుగుసార్లు చూసేశా.

ఊళ్ళమ్మట తిరగడం అనేది పెద్ద అపోహ అంట. ఎక్కువగా గ్రిమ్ సోదరులు ఇంట్లో కూర్చుంటే కథలు తెలిసినవాళ్ళే దగ్గరికొచ్చి చెప్పారు. చెప్పినవాళ్ళలో చాలామంది చదువుకున్న ఇళ్ళ అమ్మాయిలు, పక్కింటి మందుల షాపాయన వైల్డ్ గారి కూతుళ్ళు, హాసెన్‌ప్‌ఫ్లుగ్ కుటుంబం వాళ్ళు. ఆ వైల్డ్ గారమ్మాయి డోర్ట్‌షెన్‌నే 1825లో చిన్నతమ్ముడు విల్‌హెల్మ్ పెళ్ళి చేసుకున్నాడు. (కథ చెప్పి పెళ్ళికొడుకుని కొట్టేసింది, గొప్ప అమ్మాయి.) పల్లెటూరి ముసలమ్మ అని వీళ్ళు గొప్పగా చెప్పుకున్న డోరోతియా ఫీమన్ కూడా పొలం మనిషి కాదు, సత్రం నడిపేవాళ్ళ కూతురు, దర్జీ భార్య, కూరగాయలు అమ్ముకోడానికి కాసెల్ వచ్చేది, పూర్వీకులు ఫ్రాన్సు నుంచి వలసొచ్చినవాళ్ళు. అంటే అచ్చ జర్మన్ జానపదం అని రాసుకున్నదాంట్లో సగం ఫ్రెంచి వాసనే.

ఇంక ఉన్నదున్నట్టు అనేది మర్చిపోండి. 1812, 1815లో రెండు సంపుటాలు, తర్వాత మారుస్తూ మారుస్తూ 1857లో ఏడో ఎడిషన్. నలభై అయిదేళ్ళు గీకుతూనే ఉన్నాడు విల్‌హెల్మ్. వాళ్ళ సొంత కాపీలు, మార్జిన్లలో చేత్తో రాసుకున్న దిద్దుబాట్లతో సహా, ఇక్కడే ఉన్నాయి. 2005లో యునెస్కో వాళ్ళ ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో ఎక్కాయి.

గోదారి_టీచరమ్మ
ఆ దిద్దుబాట్లు ఏంటో కొన్ని చెప్పు బాబూ, ఇంతసేపూ అవే కదా అడిగేది.

కాసెల్_కుర్రాడు
చెప్తా టీచరమ్మా, టైప్ చేయడానికి టైం పట్టింది.

స్నో వైట్. 1812లో చెడ్డ రాణి సవతి తల్లి కాదు, కన్నతల్లి!! మంచులా తెల్లగా, రక్తంలా ఎర్రగా పాప కావాలని కోరుకున్నావిడే, ఆ పాపకి ఏడేళ్ళు వచ్చేసరికి అద్దం మాట విని చంపమని పంపుతుంది, ఊపిరితిత్తులూ కాలేయం తెమ్మని ఉప్పేసి వండించుకు తింటుంది (వేటగాడు తెచ్చింది అడవి పంది పిల్లవి అనుకోండి). 1819లో మొదటి తల్లిని పురిట్లో చంపేసి సవతి తల్లిని తెచ్చాడు విల్‌హెల్మ్. హాన్సెల్ గ్రెటెల్ కూడా అంతే, తిండి లేక పిల్లల్ని అడవిలో వదిలేద్దాం అని పోరేది కన్నతల్లి. 1840 ఎడిషన్‌కి వచ్చేసరికి సవతి తల్లి అయిపోయింది. తండ్రి మాత్రం అదే తండ్రి, పాపం మంచివాడు, ఏడుస్తాడు, కానీ వదిలేసొస్తాడు.

కడప_కారం
తండ్రికి మాత్రం సవతి తండ్రి ఎవుడూ రాల్యా. చూసినారా.

గోదారి_టీచరమ్మ
ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానండి. మా క్లాసులో ఇద్దరు పిల్లలకి సవతి తల్లులు. మంచివాళ్ళే. కథ చెప్తుంటే "సవతి తల్లి" అన్న మాట దగ్గర మిగతా పిల్లలంతా తిరిగి వాళ్ళ వంక చూస్తారు. కన్నతల్లి పరువు కాపాడ్డానికి ఒకాయన ఎప్పుడో మార్జిన్లో కలం పెట్టి కొట్టేసిన మాట మా క్లాసులో ఆ పిల్లల మీద వచ్చి పడుతోందంటే ఏమనాలి. అప్పట్లో పురిట్లో తల్లులు ఎక్కువగా పోయేవాళ్ళు, సవతి తల్లులు నిజంగానే ఇంటింటా ఉండేవాళ్ళు, అది ఒప్పుకుంటా. కానీ ఈ కథల్లో అది దిద్దుబాటని తెలీదు ఇన్నాళ్ళూ.

ఓరుగల్లు_పిల్ల
టీచరమ్మా మీ మాట గుండెకు తాకింది.

రపుంజెల్ గురించి నేను చెప్త, నాకు ఇష్టమైంది. రపుంజెల్ అంటే మనిషి పేరు కంటే ముందు ఒక ఆకుకూర పేరు. కడుపుతోటున్న తల్లికి పక్క తోటల ఆకు మీద మనసైతది, మనం వేవిళ్ళ కోరిక అంటం చూడుండ్రి, గదే. మొగడు గోడ దుంకి దొంగతనం చేస్తడు, దొరుకుతడు, బదులుగ బిడ్డను ఆ తోటామె గోతెలమ్మకు ఇచ్చేస్తడు, గామె పిల్లను బురుజుల పెట్టి పెంచుతది. 1812 కథల రాజకుమారుడు రోజు బురుజెక్కి వస్తుండె, ఒకనాడు పిల్ల అమాయకంగ "గోతెలమ్మా, నా బట్టలు ఎందుకో బిగుతైతున్నయి, పడ్తలేవు" అంటది. అంతే, దొరికిపోయింది. తర్వాత ఎడిషన్లల్ల గీ మాట తీసేసి "రాజకుమారుని కంటే నిన్ను పైకి గుంజుడే బరువుంది" అని పెట్టిండు. తెలివైన పిల్లను మొద్దును చేసిండు. ఎక్కడ నవ్వొస్తదంటే, చివరికి అడివిల కవల పిల్లలతోటి దొరుకుతది గది మాత్రం కొట్టేయలే! బట్టలు బిగుతైన మాట తీసినవు, కవలలు ఎక్కడికెళ్లి ఊడిపడ్డరు విల్‌హెల్మ్ సారు?

అది కూడ జర్మన్ అవ్వ చెప్పిన కథ కాదు, 1698ల ఒక ఫ్రెంచి దొరసాని రాసిన పెర్సినెట్ అనే కథ, జర్మన్‌లకు తర్జుమా అయి, గండ్లకెళ్లి వీళ్ళకు చేరింది.

పాతపుస్తకాల_రావు
బాగా చెప్పావమ్మా. మీరిద్దరూ చెప్పినవి పక్కపక్కన పెడితే ఒక సంగతి కనిపిస్తుంది చూడండి. కడుపులు, పడకలు, కన్నతల్లి దుర్మార్గం, ఇవి ఎడిషన్ ఎడిషన్‌కీ తగ్గాయి. శిక్షలు? తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగాయి! నిద్రరాని అమ్మగారు భయపడ్డ ఆ పావురాలు కళ్ళు పొడిచే ముగింపు ఉంది చూశారా, 1812 ముద్రణలో అది లేనే లేదు. రాజకుమారుడు సరైన పిల్లని బండెక్కించుకుని వెళ్ళిపోవడంతో ఆగిపోతుంది కథ. కళ్ళు పొడిపించింది 1819లో. అంటే పిల్లల కోసం శుభ్రం చేసినాయనే అది చేర్చాడు. ఆ కాలపు మర్యాదస్తులకి పిల్లలు చూడకూడనిది శృంగారం, రక్తం కాదు. చెడ్డవాళ్ళకి శిక్ష పడ్డం చూస్తే మంచిదే అనుకున్నారు. ఇప్పుడు మనం రెండూ తీసేస్తున్నాం.

నిద్రరాని_అమ్మ
ఆగండాగండి. నేను "అసలు కథలోంచి" తీసేశాను అనుకున్నది అసలు కథలోనే లేదా?? 1812 లెక్కన నేను చెప్పిందే కరెక్టా? 😂 రెండ్రోజులుగా గిల్టీగా ఉన్నా ఇక్కడ.

పాతపుస్తకాల_రావు
"సారీ చెప్పారు" అన్నది మాత్రం పెరోకి దగ్గర. మీరు తెలీకుండానే 1697కి వెళ్ళిపోయారు.

రీల్_రాజా
మరి ముద్దు? స్నో వైట్‌ని ముద్దుతోనే కదా లేపింది.. అది కూడా లేదంటే నేను ఫోరం వదిలేసి పోతా

కాసెల్_కుర్రాడు
మూట సర్దుకో తమ్ముడూ. స్నో వైట్‌కి ముద్దు 1937 సినిమాలో పెట్టారు. 1857 కథలో పెట్టె మోసుకెళ్ళే సేవకులు పొదకి తట్టుకుని తూలితే ఆ కుదుపుకి గొంతులో ఆపిల్ ముక్క బయటపడుతుంది. 1812లో ఇంకా ఘోరం, రాజకుమారుడు ఆ గాజుపెట్టె లేకుండా ఉండలేక ఏ గదిలోకెళ్తే ఆ గదికి మోయిస్తుంటాడు, ఒక సేవకుడికి విసుగొచ్చి, పెట్టె తెరిచి, చచ్చిన పిల్ల కోసం రోజంతా మాకీ చాకిరీ ఏంటని వీపు మీద ఒక్కటిచ్చుకుంటాడు. ముక్క ఊడిపడి లేచి కూర్చుంటుంది! నిజమైన ప్రేమ లేదు ఏం లేదు, పనోడి చిరాకు.

కప్ప రాజకుమారుడు కూడా ముద్దుతో మారడు, రాజకుమారి ఒళ్ళు మండి గోడకేసి కొడుతుంది, అప్పుడు మారతాడు. గ్రిమ్‌లో ముద్దుతో లేచేది నిద్రపోయే రాజకుమారి. పెరోలో ఆమెకీ లేదు, ఆయన మోకాళ్ళ మీద కూర్చోగానే వందేళ్ళ గడువు అయిపోయి లేస్తుంది.

కడప_కారం
గోడకేసి కొడితే మనిషయినాడా. మా పక్కింట్లో ఒకడున్నాడు, ట్రై చేయాల.

మోడరేటర్
పక్కింటివాళ్ళని వదిలేయండి దయచేసి. నిద్రపోయే రాజకుమారి బసీలే వెర్షన్ గురించి రాసేవాళ్ళు వివరాల్లోకి పోకుండా రాయండి, ఇక్కడ చిన్న వయసువాళ్ళు కూడా చదువుతారు.

పాతపుస్తకాల_రావు
వివరాల్లోకి పోనులెండి. బసీలే కథలో నిద్రలో ఉన్న తాలియా దగ్గరికొచ్చే రాజుకి అప్పటికే పెళ్ళయింది, ఆమెకి మెలకువ లేకుండానే కవల పిల్లలు పుడతారు, ఒక పాప పాల కోసం వెతుక్కుంటూ వేలు చీకితే అందులో గుచ్చుకున్న నార పోగు బయటికొచ్చి తాలియా లేస్తుంది. ఆ రాజు చేసినదాన్ని ఇప్పుడు ఏ దేశంలోనైనా నేరమే అంటారు. కథ చివర మాత్రం శిక్ష రాజుకి కాదు, రాణికి. దీన్ని మార్చి చెప్పిన పెరోని నేనేమీ తప్పుపట్టను. మార్చిందల్లా పాడుచేయడం కాదు. అలాగని పెరో అంతటా మెత్తన అనుకోకండి, ఆయన ఎర్రటోపీ పాపని తోడేలు తినేస్తుంది, అంతే, కథ సమాప్తం. తియ్యగా మాట్లాడే తోడేళ్ళే ప్రమాదం అని కింద నీతిపద్యం. వేటగాడు పొట్ట కోసి పాపనీ అమ్మమ్మనీ బయటికి తీసేది గ్రిమ్‌లో. ఈ కథకొచ్చేసరికి పాతది కఠినం, కొత్తది మెత్తన. సిండ్రెల్లాకి తిరగేసి. ఒక గీత గీసి అటు పాతది ఇటు కొత్తది అనడానికి వీల్లేకుండా ఉంది వ్యవహారం.

ఓరుగల్లు_పిల్ల
టాపిక్‌కు పక్కకు పోతున్న, ఒక్క నిమిషం. గీ గ్రిమ్ అన్నదమ్ములల్ల పెద్దాయన జాకబ్ అంటే మా భాషాశాస్త్రం క్లాసుల దేవుడు. పితృ, ఫాదర్. పాద, ఫుట్. సంస్కృతంల ప ఉన్నకాడ జర్మన్, ఇంగ్లీషు తెగ భాషలల్ల ఫ వస్తదని సూత్రం చెప్పినాయన, గ్రిమ్ సూత్రం అంటరు. పరీక్షకు చదివినన్ని రోజులు గాయన, గీ కథల గ్రిమ్ ఒక్కరేనని తెల్వనే లేదు నాకు.

గోదారి_టీచరమ్మ
మన పంచతంత్రం సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ. విష్ణుశర్మ మొద్దు రాజకుమారులు ముగ్గురికి ఆరు నెలల్లో రాజనీతి నేర్పడానికి చెప్పినవి అవి, పిల్లలకి "నీతి కథలు" కాదు. మిత్రభేదంలో దమనకుడు అనే నక్క సింహానికీ ఎద్దుకీ మధ్య పుల్లలు పెట్టి ఎద్దుని చంపిస్తాడు. శిక్ష పడుతుందా? లేదు! హాయిగా మంత్రి అవుతాడు. మా స్కూలు లైబ్రరీలో ఉన్న బొమ్మల పుస్తకంలో చివరి పేజీలో సింహం నక్కని తరిమేసినట్టుంది, కింద "నీతి: చాడీలు చెప్పరాదు". నేను పిల్లలకి సంస్కృత ముగింపు చెప్పా. గది అంతా గోల, "అన్యాయం టీచర్" అని. నాలుగో తరగతి పిల్లలు ఆ రోజు చేసినంత చర్చ ఏ పాఠం మీదా చెయ్యలేదు.

పాతపుస్తకాల_రావు
టీచరమ్మగారూ, మీ పిల్లల్లాగే ఒకాయన ఎనిమిదో శతాబ్దంలో ఫీలయ్యాడు. పంచతంత్రం పాతకాలపు పర్షియా భాష పహ్లవీలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి అరబ్బీలోకి ఇబ్న్ అల్ ముకఫ్ఫా మార్చాడు, కలీలా వ దిమ్నా అని. దిమ్నా అంటే మన దమనకుడే. ముగింపు అలా వదిలేయడానికి ఆయనకి మనసొప్పక దిమ్నా మీద విచారణ జరిపించి శిక్ష వేయించే అధ్యాయం ఒకటి కొత్తగా చేర్చాడు. కోర్టు సీను అన్నమాట.

కడప_కారం
మీరంతా ఒరిజినల్ ఒరిజినల్ అని కొట్టుకుంటాండారు గానీ, ఏడు చేపల కథకి ఒరిజినల్ యాడుంది చెప్పండి. మా జేజి చెప్పేటప్పుడు చేప ఎండలేదని గడ్డివామును అడిగితే, గడ్డివాము ఆవు మేయలేదంటాది, ఆవు గొల్లోన్ని, గొల్లోడు వాళ్ళవ్వను, అట్లా పోయి పోయి చీమ కాడికి వస్తాది. జేజికి నిద్దరొస్తే మధ్యలో ఇద్దర్ని ఎగ్గొట్టి సీదా చీమ కాడికి వచ్చేస్తాండె. మేం ఊరుకోం, "గొల్లోడు యాడబోయినాడు జేజీ" అని లేపి మళ్ళా మొదటినుంచి చెప్పిస్తాంటిమి. ఇప్పుడు వాట్సాప్‌లో ఏడు చేపలంటే సప్తధాతువులు, చీమంటే మాయ అని వేదాంతం పంపిస్తాండారు. జేజి వింటే చీపురు తీసుకుంటాండె.

ఓరుగల్లు_పిల్ల
మా అవ్వ బాలనాగమ్మ చెప్పేటప్పుడు మాయల ఫకీరు వచ్చే తావున గొంతు మార్చేది, మా తమ్ముడు భయపడి ఉచ్చ పోసుకున్నడని ఆ తర్వాత ఫకీరుని జోకరు చేసింది 😂 గదే ఎడిషన్ 2.

గోదారి_టీచరమ్మ
నోటి కథలకి ఒరిజినల్ లేదంటే ఒప్పుకుంటా. కానీ డెన్మార్క్ రచయిత ఆండర్సన్ చిన్న మత్స్యకన్య కథ అలా కాదు కదా. అది 1837లో ఒక మనిషి కూర్చుని రాసింది. నా చిన్నప్పుడు ఎవరో ఇచ్చిన పాత పుస్తకంలో చదివి రెండ్రోజులు అన్నం తినలేదు. సముద్రపు మంత్రగత్తె నాలుక కోసేస్తుంది. కాళ్ళొస్తాయి కానీ వేసే ప్రతి అడుగూ కత్తుల మీద వేసినట్టే. రాజకుమారుడు ఇంకో అమ్మాయిని చేసుకుంటాడు. అక్కలు తమ జుట్టంతా మంత్రగత్తెకిచ్చి కత్తి తెస్తారు, తెల్లారేలోపు వాణ్ణి పొడిస్తే నువ్వు బతుకుతావంటారు. ఆమె కత్తి నీళ్ళలోకి విసిరేసి తను నురగైపోతుంది. తర్వాత గాలి కన్యల్లో కలిసి, మూడొందల ఏళ్ళు మంచి చేస్తే ఆత్మ దొరుకుతుందంటారు. 1989 సినిమాలో మంత్రగత్తెని ఓడతో పొడిచి పెళ్ళి చేసేశారు. పాటలు బావుంటాయి, కాదన్ను. కానీ ఆ పిల్లకి కావాల్సింది మొగుడొక్కడే కాదండీ, చావులేని ఆత్మ. సినిమాలో ఆ మాటే లేదు. ఇది సిండ్రెల్లాని మార్చడంలాంటిది కాదని నా అభిప్రాయం.

రీల్_రాజా
టీచర్ గారూ కానీ పిల్లలకి ఆత్మ గురించి ఏం అర్థమవుద్ది చెప్పండి, పెళ్ళి అయితే హ్యాపీగా పడుకుంటారు

గోదారి_టీచరమ్మ
నాకు అర్థమైందిగా, తొమ్మిదేళ్ళకి. పడుకోలేదు, అదీ నిజమే.

కడప_కారం
నేను రీల్ రాజా పార్టీ. పనికి పోయొచ్చినాక మళ్ళీ ఏడుపెందుకప్పా.

పాతపుస్తకాల_రావు
మూడు పందిపిల్లలు కూడా చూడండి. జోసెఫ్ జేకబ్స్ 1890లో అచ్చేసినదాంట్లో మొదటి రెండు పందుల్నీ తోడేలు తినేస్తుంది, మూడోది తోడేల్ని మరిగే నీళ్ళలో ఉడకేసి రాత్రి భోజనానికి తినేస్తుంది. ఇప్పుడు పుస్తకాల్లో రెండు పందులూ అన్న ఇంటికి పరుగెత్తి బతుకుతాయి, తోడేలు తోక కాల్చుకుని పారిపోతుంది. మెత్తబడింది నిజమే, కానీ నష్టం ఏంటంటే గడ్డి ఇల్లు కట్టినా ఇటుక ఇల్లు కట్టినా ఫలితం ఒకటే అయిపోయింది. మూడు ఎలుగుబంట్ల ఇంట్లో దూరే గోల్డీలాక్స్ అయితే 1837లో ఇంగ్లీషు కవి సౌతీ అచ్చేసినప్పుడు పాపే కాదు, నోటిదురుసు ముసలమ్మ. ముసలమ్మ చేస్తే దొంగతనం, పాప చేస్తే అల్లరి.

కాసెల్_కుర్రాడు
నిద్రరాని అమ్మగారూ, మీ ఇంట్లో ఉన్నది ఏ ఎడిషన్‌కి అనువాదమో చూడండి. మామూలుగా దొరికేవన్నీ 1857ది. మొదటి ఎడిషన్ మొత్తానికి ఇంగ్లీషు 2014లో జాక్ జైప్స్ చేశాడు. రెండూ పక్కన పెట్టుకుని చదివితే మజా ఉంటుంది, పాప పడుకున్నాక.

నిద్రరాని_అమ్మ
చూశా, 1857దే. అందరికీ థాంక్స్, ఇంత చర్చ అవుతుందనుకోలేదు. నిన్న రాత్రి ఏం జరిగిందో చెప్తా. పాపని కూర్చోబెట్టి నిజం చెప్పేశా, ఆ రోజు నేను కొంచెం దాచాను, పుస్తకంలో పావురాలు కళ్ళు పొడిచాయని ఉంది, కానీ ఇంకా పాత పుస్తకంలో అది లేదు, ఒక తాతయ్య తర్వాత రాశాడు అని. ఏడుస్తుందేమో అనుకున్నా. కాసేపు ఆలోచించి "తాతయ్య తప్పు రాశాడు, పావురాలు వాళ్ళ కళ్ళజోళ్ళు ఎత్తుకెళ్ళిపోయాయి, అందుకే కనిపించలేదు" అంది. సరే బానే ఉంది అనుకుని ధైర్యం వచ్చి స్నో వైట్ పూర్తిగా చెప్పా, చివర్లో రాణికి ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులు తొడిగి పడిపోయేదాకా డాన్స్ చేయిస్తారు కదా, అది కూడా. జాలిపడుతుందనుకుంటే లేచి కూర్చుని, "ఒక్క జతేనా? చిన్న పాపని చంపాలని చూసింది కదా, ఇంకో జత తేవాలి" అని పట్టుపట్టింది. తెచ్చేదాకా పడుకోలేదు. పదకొండున్నరకి రెండో జత తెచ్చాం.

కడప_కారం
ఎవురు తెచ్చినారు ఆ రెండో జత? కథలో మనిషి కావాల కదా.

నిద్రరాని_అమ్మ
పావురాలే. కళ్ళజోళ్ళు పెట్టుకుని.